అమ్మవారు పోసింది, పాపకు పాలు ఇవ్వొచ్చా?

మాది దేవరకొండ. పాపకు మూడో నెల. నాకు మొన్నటి నుంచి ఒళ్లంతా చికెన్‌పాక్స్ పొక్కులు. ఎడమ చనుమొన పక్కనే ఒకటి నీరు పట్టి ఉంది. అత్తమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, పాపను వేరే గదిలో పడుకోబెట్టింది. పాలపొడి డబ్బా కూడా తెప్పించింది. డాక్టరమ్మేమో ఎసైక్లోవిర్ (చికెన్‌పాక్స్ మందు) వాడుతూనే పాలు ఇవ్వొచ్చు, పొక్కు ఉన్న వైపు మాత్రం అది ఎండి చెక్కు కట్టేదాకా పాప నోరు తగలనివ్వొద్దు అన్నారు. ఇప్పుడు ఆ వైపు పాలు నిండి రాయిలా అయింది. పిండిన పాలు పారబోయాలా, పట్టొచ్చా? అది అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసింది. పంపు పొక్కుకు తగులుతోంది, చేత్తో పిండితే ప్రాణం పోతోంది. పాప ఒంటి మీద ఇంకా ఏమీ లేదు. ఇది దాటిన అక్కలు ఎవరైనా ఉంటే, పాలు తగ్గకుండా ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి. సీసాకు అలవాటు పడుతుందేమోనని అదో టెన్షన్.