రోజూ కోడ్ రాసేవాళ్ళు ఏం వాడతారు? కిటుకులు చెప్పండి

కాకినాడ కుర్రోడు:
అన్నలూ, వెబ్ డెవలపర్‌గా చేరి ఆరు నెలలైంది, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, క్రోమ్ తప్ప ఏం తెలీదు నాకు. పైగా నిన్న గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) మార్పులు తుడిచేసే రీసెట్ హార్డ్ కొట్టేసి రెండు రోజుల పని పోగొట్టుకున్నా, ఏడుస్తూ మళ్ళీ రాస్తున్నా. మీరు వాడే సాఫ్ట్‌వేర్లు, గాడ్జెట్లు ఏవైనా చెప్పండి.

పాత కీబోర్డు:
ముందు రాయడం ఆపు తమ్ముడూ! కమిట్ చేసుంటే, అంటే మార్పులు గిట్‌లో నమోదు చేసుంటే ఏం పోలేదు, టెర్మినల్‌లో గిట్ రెఫ్‌లాగ్ కొట్టు, పాత కమిట్లు వరసగా కనిపిస్తాయి, కావాల్సిన దాని హ్యాష్ (గుర్తింపు కోడ్) తీసుకుని దాన్నుంచి కొత్త బ్రాంచ్ (కోడ్‌కి విడి శాఖ) చేసుకో. అలా ఏ బ్రాంచ్‌కీ చెందకుండా విడిపోయిన కమిట్లను గిట్ మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. కమిట్ చెయ్యలేదా? వీఎస్ కోడ్‌లో ఆ ఫైల్ తెరిచి ఎడమవైపు కింద టైమ్‌లైన్ చూడు, సేవ్ కొట్టినప్పటి కాపీలు ఉంటాయి, 2022 నుంచీ ఉంది, సగం మందికి తెలీదు.

కరెంటు కష్టాలు:
నా ఓటు రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌కే. కరెంటు పోయినా మీటింగ్ ఆగదు. ఇంకోటి, విండోస్ కీ పట్టుకుని వీ నొక్కు, ఇంతకుముందు కాపీ చేసినవి 25 దాకా వస్తాయి, మొదటిసారి ఆన్ చేసుకోవాలంతే.

వత్తుల బాధితురాలు:
తెలుగు సైట్లు చేస్తే లైన్ హైట్ (ఒక్కో వరస ఎత్తు) 1.2 పెట్టకండి బాబూ, ‘స్త్రీ’ కింద వత్తులు తెగిపోయి క్లయింట్ ఫోన్ చేశాడు నాకు. 1.6 పెట్టాక సరిపోయింది. బ్రౌజర్లో మొబైల్ వ్యూ చూసి సరిపెట్టుకోకుండా కేబుల్ పెట్టి అసలు ఫోన్లో చూడండి.

కాకినాడ కుర్రోడు:
పాత కీబోర్డు అన్నా, టైమ్‌లైన్‌లో దొరికింది!! పేజీ రూపం చెప్పే ఒక్క సీఎస్ఎస్ ఫైల్ తప్ప అన్నీ.