‘కనుగొన్నాడు’ అనే మాట గురించి ఒక సందేహం

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. ‘1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు’ అని నోట్సులో రాసుకుంటూ, ‘అక్కడ అప్పటికే మనుషులున్నారు కదా నాన్నా, మరి కనుగొనడం ఏంటి?’ అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? దీని బదులు ఏం రాయొచ్చు?

జవాబు:
మీ అమ్మాయి అడగాల్సిందే అడిగిందండీ. కను అంటే చూడటం, కొను అంటే తీసుకోవడం. ఈ రెండూ కలిసిన మాట ఇది. అయితే పాత కావ్యాల్లో కనుఁగొను అంటే చాలాచోట్ల ఉత్తగా చూడటమే. ఎదురొచ్చిన మనిషినీ కనుగొంటారు, చంద్రుణ్ణీ కనుగొంటారు. అందులో ‘ఇక ఇది నాది’ అనే భావం లేదు. మన చరిత్ర పుస్తకాల్లో ‘డిస్కవరీ’కి ఈ మాట పెట్టుకున్నాం. చిక్కంతా ఆ ఇంగ్లీషు మాట దగ్గర ఉంది.

అక్టోబరు 12న కొలంబస్ దిగిన దీవిని అక్కడి లుకాయన్లు గ్వానహానీ అనేవారు. అతను జెండాలు పాతి, స్పెయిన్ రాజు, రాణి పేరున దీవిని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించాడు. సాన్ సాల్వడార్ అని కొత్త పేరు పెట్టాడు. యాభై మంది ఉంటే వీళ్లందరినీ లొంగదీయవచ్చని రెండు రోజులకే తన దినచర్యలో రాసుకున్నాడు.

తర్వాత ఆ ‘డిస్కవరీ’ అనే మాట కోర్టు దాకా వెళ్లింది. అమెరికాలోని పియాంకెషా తదితర ఆదివాసీ తెగల దగ్గర కొందరు 1773లోనూ 1775లోనూ పెద్ద ఎత్తున భూములు కొన్నారు. అదే ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం ఇంకొకరికి పట్టా ఇచ్చింది. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్, మెకింటోష్ కేసులో, నేలను ‘డిస్కవర్’ చేసిన యూరప్ రాజ్యానిదే, దాని వారసులదే హక్కు అని తేల్చింది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఆ నేల మీద నివసించే హక్కు తప్ప, నచ్చినవాళ్లకు అమ్ముకునే హక్కు లేదంది. డబ్బిచ్చి కొన్నది చెల్లలేదు, కనుగొన్నది చెల్లింది! నాకు మొదటిసారి తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది. ఒక క్రియాపదం మీద అంత నేల చేతులు మారింది.

మరో సభ్యుడు:
మాటను తప్పుపట్టడం ఎందుకండీ? ‘మందు కనుగొన్నారు’, ‘నెప్ట్యూన్‌ను కనుగొన్నారు’ అంటాం. ఎవరి సొత్తూ పోలేదు కదా.

జవాబు:
నిజమేనండీ, అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది. నెప్ట్యూన్ మీద మనుషులు లేరు. మనుషులున్న ఊరికి వాడితేనే వాళ్లు లేనట్టు అయిపోతుంది. ఇదేమీ ఎప్పుడో ముగిసిన గొడవ కూడా కాదు. 2005లో ఒనైడా తెగ భూమి కేసులో అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ ఈ ‘డిస్కవర్ చేసినవాళ్లదే నేల’ అనే సిద్ధాంతాన్నే ప్రస్తావించింది. వాటికన్ దీన్ని తోసిపుచ్చింది 2023లో.

నేనైతే పిల్లలకు, 1492కి ‘చేరాడు’ అని రాయమంటాను. మరుసటి ఏడాది 17 ఓడల్లో సుమారు 1,200 మందితో తిరిగి వచ్చినదానికి ‘చేరాడు’ చాలదు. అది ఆక్రమణ. హిస్పానియోలా దీవిలో (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్) అక్కడి ఆదివాసులైన తైనోలను బంగారు గనుల్లో వెట్టికి పెట్టారు. వాళ్ల నాయకురాలు అనకవోనాను 1503లో ఉరితీశారు. 1518 చివర్లో వచ్చిన మశూచి మిగిలినవాళ్లలో చాలామందిని తీసుకుపోయింది. (మన ఇళ్లలో హరికేన్ లాంతరు అనేవాళ్లం చూడండి, ఆ ‘హరికేన్’ తైనోల మాటే, స్పానిష్ మీదుగా వచ్చింది.)

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండీ. అమ్మాయి ఆ వాక్యం కొట్టేసి, ‘కొలంబస్ గ్వానహానీ అనే దీవికి చేరాడు’ అని రాసుకుంది. ఇప్పుడు అక్కడ ఆ పేరుతో పిలుస్తారా అని అడుగుతోంది.

జవాబు:
ఇప్పుడు అది బహామాస్‌లో ఉంది. ఏ దీవి అన్నదాని మీద వాదనలున్నా, సాన్ సాల్వడార్ పేరుతో ఉన్నదే అదని ఎక్కువమంది నమ్మకం. లుకాయన్లను గనులకూ, ముత్యాలకోసం సముద్రంలో మునిగే పనికీ పట్టుకుపోయారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ దీవుల్లో దాదాపు ఎవరూ మిగల్లేదు. గ్వానహానీ అనే పేరు మనదాకా వచ్చింది కొలంబస్ రాసుకోబట్టే.