ఆకాశహర్మ్యంలో హర్మ్యం ఎంత ఎత్తు?

ప్రశ్న: కోకాపేటలో లేచే ఒకే టవర్‌ను ఒక పత్రిక ఆకాశహర్మ్యం అంటుంది, ఇంకొకటి బహుళ అంతస్తుల భవనం అంటుంది. హర్మ్యమంటేనే ఎత్తైన మేడ కదా, మళ్లీ ఆకాశమెందుకు?

— హర్మ్యానికి ఎత్తుతో పెద్దగా పని లేదండీ. ‘హర్మ్యాది ధనినాం వాసః’ అంటుంది అమరకోశం. కలవారి ఇల్లు, అంతే. దేవుళ్లకూ రాజులకూ ప్రాసాదం. సౌధంలో ఉన్నది సుధ, అంటే సున్నం. గచ్చు పూసిన ఇల్లన్నమాట. భవనం వట్టి ‘ఉండే చోటు’. వీటిపక్కన పెడితే ఎత్తును కడుపులో పెట్టుకున్నది మన మేడే. తమిళంలో దిబ్బకు మేడు, అరుగుకు మేడై, ఇవి దాని చుట్టాలు. హర్మ్యానికి ఆకాశం తగిలించక తప్పలేదు. ఆ మాటకొస్తే స్కైస్క్రేపర్ కూడా మొదట ఓడలో అన్నిటికన్నా పైన కట్టే చిన్న తెరచాప పేరు. ఇనుప చట్రం, లిఫ్టు కలిసొచ్చాక 1880ల్లో అమెరికాలో కట్టడాలకు అంటుకుంది. చికాగోలో 1885 నాటి హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌కు 10 అంతస్తులు, 42 మీటర్లే. ఇప్పుడు మియాపూర్‌లో అంతెత్తు కట్టడాన్నెవరూ తలెత్తి చూడరు.

— బురుజును మరిచారు. అరబ్బీ బుర్జ్ మనకు బురుజైంది. గోల్కొండ కోటదీ, పేట్ల బురుజుదీ, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాదీ ఒకే మాట. మంజిల్ దానికి తిరగబడ్డ కథ: అరబ్బీలో ధాతువుకు అర్థం ‘దిగడం’. ప్రయాణంలో దిగే మజిలీ, తర్వాత ఇల్లు, ఉర్దూలో అంతస్తు. హైదరాబాద్ దివాన్ దేవిడి పేరులోని దేవిడి అసలు గుమ్మం. గుమ్మం పేరే నవాబుల ఇంటికి వచ్చింది. ఇక ‘బెంగాల్ తరహా ఇల్లు’ అయిన బంగ్లా, తెలంగాణ పల్లెల్లో బంగ్లగా మారి మేడ అర్థంలో స్థిరపడింది.

— వార్తలు రాసేవారికి నాదొక మాట. 2016 జాతీయ భవన నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైనుంటే హైరైజ్. దాన్ని ‘ఎత్తైన భవనం’ అంటే చాలు, ఆకాశందాకా పోనక్కర్లేదు. అంతర్జాతీయ లెక్కలో సూపర్‌టాల్ 300 మీటర్ల నుంచి, మెగాటాల్ 600 నుంచి. తప్పులు ఎక్కువ దొర్లేది అంతస్తుల దగ్గర. జీ ప్లస్ ఫైవ్‌ను ‘ఐదంతస్తులు’ అని రాస్తారు. నేల అంతస్తుతో కలిపి ఆరు. స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య బళ్లు పెట్టుకునే ఖాళీ) ప్లస్ ఫైవ్ అయితే స్లాబులు ఆరు, కాపురాలుండేవి ఐదే. అమెరికా వార్త తెలుగు చేసేటప్పుడు ఇంకో తిరకాసు: అక్కడి ఫస్ట్ ఫ్లోర్ మన నేల అంతస్తు. వాళ్ల పదోది మనకు తొమ్మిదో అంతస్తే.