అభిముఖ పత్రాలా, వ్యతిరేక పత్రాలా?

ప్రశ్న:
రాకీ పర్వతాల పైన్ అడవుల్లో సహజంగా పెరిగే ఆర్నికా కార్డిఫోలియా అనే మొక్క గురించి తెలుగులో రాస్తున్నాను. దాని కాండం మీద ఆకులు ఎదురెదురుగా, జంటలుగా ఉంటాయి. ఒక వ్యాసంలో వీటిని ‘వ్యతిరేక పత్రాలు’ అన్నారు. అలా అనవచ్చా?

జవాబు:
అనకూడదండీ. వ్యతిరేకం అంటే విరుద్ధం. ఆ రెండు ఆకులకూ విరోధమేమీ లేదు, ఒకే కణుపు దగ్గర ముఖాముఖిగా పుట్టాయంతే. మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో దీనికి ‘అభిముఖ పత్రవిన్యాసం’ అనే చక్కని మాట ఉంది. కణుపుకు ఒక్కో ఆకే ఉంటే ఏకాంతరం, మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే చక్రీయం.

మీ మొక్కకు ఈ మాట చాలా ముఖ్యం. ఆ కొండల్లోనే పసుపు పచ్చగా పూసే బాల్సమోరైజా అనే మరో మొక్క ఉంది. దూరం నుంచి రెండు పూలూ ఒకేలా కనిపిస్తాయి. అయితే దాని పెద్ద ఆకులు దాదాపు అన్నీ నేల దగ్గరే గుత్తిగా లేస్తాయి. ఆర్నికాలో అవి కాండం వెంట అభిముఖంగా ఉంటాయి.

అంతటితో పని పూర్తి కాదు. దీనికి దగ్గరి బంధువైన ఆర్నికా లాటిఫోలియా ఆకులూ అభిముఖమే. అందుకని కింది ఆకులు చూడాలి. కార్డిఫోలియాలో వాటికి పొడవైన కాడ, అంచున పళ్లు, కాడ కలిసే చోట లోపలికి నొక్కు ఉంటాయి. తమలపాకును తలచుకుంటే ఆ ఆకారం కళ్లకు కడుతుంది. ‘హృదయాకార పత్రం’ అని రాయండి, లాటిన్ పేరుకూ అదే అర్థం. లాటిఫోలియాలో కాండం మీది ఆకులకు సాధారణంగా కాడ ఉండదు, ఆ నొక్కూ కనిపించదు.

ప్రశ్న:
పెరెన్నియల్‌ను ‘శాశ్వత మొక్క’ అనవచ్చా?

జవాబు:
నదికైతే జీవనది అంటాం, మొక్కకు ‘బహువార్షికం’ అనాలి. చలికాలంలో ఆర్నికా ఆకులూ కాండమూ ఎండిపోతాయి. నేలలోని కొమ్ము (పసుపు కొమ్ములాంటి భూగర్భ కాండం) మిగిలి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. అడవి తగలబడినా ఆ కొమ్ము నుంచే లేస్తుంది. అలాంటప్పుడు ‘శాశ్వతం’ అంటే ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని పాఠకుడు పొరబడతాడు. కొమ్ము అడ్డంగా పాకుతుంది కాబట్టి ఇవి గుంపులుగా పెరుగుతాయి. గుంపులో చాలా మొక్కలకు ఆకులే తప్ప పువ్వు ఉండదు. మీ వ్యాసంలో పువ్వు రంగుకు ఒక వాక్యం చాలు, ఆకుకు ఒక పేరా ఇవ్వండి.