వకయామా డాక్యుమెంటరీ: తానెవరో తెలుసుకోవడానికి అంత దూరం ఎందుకు వెళ్లినట్టు?

ప్రశ్న (కావలి నుంచి): జపనీస్-కెనడియన్ ఫొటోగ్రాఫర్ తమియో వకయామా జీవితంపై తీసిన డాక్యుమెంటరీని నిన్న చూశాను. 1941లో కెనడా పడమటి తీరాన బ్రిటిష్ కొలంబియాలో పుట్టిన ఆయన పసివాడిగా ఉండగానే, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ శత్రుదేశమైందని కెనడా ప్రభుత్వం ఆ కుటుంబాన్ని తష్మే నిర్బంధ శిబిరానికి తరలించింది. అటువంటి మనిషి తన మూలాలను వెతుక్కోదలిస్తే వాంకూవర్‌కో జపాన్‌కో పోవాలి గానీ, 1963లో అమెరికా దక్షిణాదికి వెళ్లి నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమంలో ఎందుకు చేరినట్టు? నాకు ఆ ముడి విడలేదు.

జవాబు (ఒంగోలు నుంచి): వాంకూవర్‌లో వెతుక్కోవడానికి ఏం మిగిల్చారండీ? 1942 నుంచి సుమారు 22,000 మంది జపనీస్ కెనడియన్లను తీరానికి వంద మైళ్ల అవతలికి తరిమి, వాళ్ల ఇళ్లనూ దుకాణాలనూ చేపల పడవలనూ ప్రభుత్వమే అమ్మేసింది. యుద్ధం ముగిశాక కూడా 1949 దాకా వెనక్కి రానివ్వలేదు. వకయామా కుటుంబం ఒంటారియోలోని చాతమ్‌లో స్థిరపడింది. అమెరికాలో బానిసత్వాన్ని తప్పించుకొని పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన ఊరది. వాళ్ల వారసుల ఇళ్ల నడుమ పెరిగిన కుర్రవాడికి దక్షిణాది పోరాటం పరాయిదిగా తోచకపోవడంలో వింతేముంది? ఇంకొక మాట: 1942లో జపనీస్ కెనడియన్ల దగ్గర రేడియోలతోపాటు కెమెరాలనూ లాక్కున్నారు.

జవాబు (ఆత్మకూరు నుంచి): మా పెద్దల ఊరు సోమశిల జలాశయంలో మునిగిపోయింది. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయించడానికీ, పుట్టుక చూసి శత్రువని ముద్ర వేయడానికీ పోలిక లేదని ఒప్పుకుంటూనే చెబుతున్నాను. ఆ ఊరి గుర్తుగా మాకు మిగిలింది మా నాయన పెళ్లి ఫొటో ఒక్కటే. మా అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంటే పెళ్లికొడుకును వదిలేసి, వెనక మసకగా పడిన అరుగునూ వేపచెట్టునూ వేలితో తడిమేది. వకయామా తరువాత వాంకూవర్‌కే తిరిగి వచ్చి, 1977లో మొదలైన జపనీస్ కెనడియన్ల పావెల్ స్ట్రీట్ ఉత్సవాన్ని ఏళ్ల తరబడి ఫొటోలు తీశాడు. యుద్ధానికి ముందు ఆ వీధి వాళ్ల పేటే. ఆ భాగం చూస్తున్నంతసేపూ నాకు మా అవ్వ వేలే కనిపించింది.

ప్రశ్న అడిగినవారు: కెమెరాలు లాక్కున్న సంగతి నాకు తెలియదు. శిబిరం నాటి ఫొటోలు వచ్చే చోటు మళ్లీ చూడాలి. అవి ఎవరు తీసినవో నేను అడగనే లేదు.