సేవా సంస్థల్లో మనుషులు అలసిపోతున్నది పని వల్లనా, నిర్ణయం ఎవరిదో తెలియకనా?

కొండగాలి: విశాఖలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరేళ్లు చేసి గత నెల మానేశాను. పని ఎక్కువై కాదు. జాలారిపేట పిల్లలకు నోటు పుస్తకాలు కొనాలని సమావేశంలో అందరం ఒప్పుకున్నాం. దుకాణంలో బిల్లు రాయిస్తుండగా కోశాధికారి ఫోను చేసి ఆగమన్నారు. సాయంత్రం కార్యదర్శి "ఇంకా కొనలేదా?" అని కోప్పడ్డారు. రాత్రి పదకొండుకు అధ్యక్షుల వాట్సాప్ సందేశం: పుస్తకాలు వద్దు, సంచులు ఇద్దాం. నా పేరు రాసిన ఆ కట్టలు నాలుగు రోజులు దుకాణం మెట్ల మీదే ఉన్నాయి. ఎంత మొత్తం వరకు ఎవరిది నిర్ణయమో ఒక కాగితం మీద రాసుకుంటే సగం భారం తగ్గేది.

పాతకాపు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం కాగితాలు రాసుకోలేదు. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పులిహోర పొట్లాలు కట్టుకుని వీధుల్లో పడ్డాం. అలసట అన్న మాటే ఎవరి నోటా రాలేదు.

మధురవాడ మిత్రుడు: జీతాలు పెంచండి, అన్నీ సర్దుకుంటాయి.

కొండగాలి: పాతకాపు గారూ, ఫోన్లు మూగబోయాయి కాబట్టే వీధిలో ఉన్నవాళ్లే నిర్ణయించారు. నేను అడుగుతున్నదీ అదే.

పాతకాపు: రాత్రి పదకొండుకు సందేశం పెట్టడం నేరమా? పగలు ఉద్యోగం చేసుకుని, రూపాయి తీసుకోకుండా రాత్రి సంస్థ పని చూసేవాళ్లం మేము.

లెక్కల పద్దు: పదకొండు గంటల సంగతి వదలండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను, అంటే పని ఒత్తిడి వల్ల మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, రోగంగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా తన అంతర్జాతీయ రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చింది. అంటే మనిషిని కాదు, పనిచేసే చోటును సరిచేయాలి. జీతాల మాటంటారా, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చు పరిమితిని ఆ విరాళాల్లో 50 నుంచి 20 శాతానికి దించింది. ఆ నిధులతో నడిచే చోట కార్యాలయ సిబ్బందికి పెంచడం అంత సులువు కాదు.

పాతకాపు: నేను పదకొండు గంటల గురించే అడిగాను. జవాబు రాలేదు.

కొండగాలి: వినండి అయితే. సమావేశం పెట్టి మా చేత అవుననిపించి, రాత్రికి మార్చేస్తారు. తెల్లారి పిల్లల ముందు ఉత్త చేతులతో నిలబడేది మేము!

పాతకాపు: ఆడిటరు ముందు నిలబడేది ఎవరండీ? ఒక కుర్రవాడిని నమ్మి సంతకం చేసిన చెక్కులు అప్పగించాను. బిల్లులు లేవు. నలభై వేలు నా జేబులోంచి కట్టాను. మా ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. అప్పటినుంచి ఎవరికీ వదలను, వదలలేను.

కొండగాలి: ఈ మాట మా అధ్యక్షులు మొదటి రోజే చెప్పి ఉంటే సమావేశాలకు వెళ్లేదాన్నే కాదు, చెప్పింది చేసేదాన్ని. వారిది భయమని తెలియక, నాకే చేతకాదనుకుని ఇన్నేళ్లూ కుమిలిపోయాను.

పాతకాపు: మా సంస్థలో ఐదు వేల లోపు ఖర్చును వీధిలో ఉన్నవాళ్లకే వదిలే విషయం ఆదివారం అడుగుతాను. బిల్లు మాత్రం అదే రోజు తేవాలి. చెక్కు మీద సంతకం నాదే.