స్నాప్‌షాట్ నుంచి తెచ్చిన ఈబీఎస్ డిస్క్ మౌంట్ కావట్లేదు, అయిన చోట నత్తనడకే

ప్రశ్న:
ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లో ఉబుంటు సర్వర్. రూట్ డిస్క్ 30 జీబీ. డేటా డిస్క్ 500 జీబీ, జీపీ3 రకం ఈబీఎస్ (ఏడబ్ల్యూఎస్ ఇచ్చే డిస్క్), ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్, దానిమీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. రెండు డిస్కులకూ రోజూ రాత్రి విడివిడిగా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ నకలు) పడుతుంది. డేటా డిస్క్ స్నాప్‌షాట్ నుంచి కొత్త వాల్యూమ్ (డిస్క్) చేసి అదే సర్వర్‌కి తగిలిస్తే ‘రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అంటోంది. వేరే సర్వర్‌లో మౌంట్ అవుతోంది గానీ క్వెరీలు కదలట్లేదు. స్నాప్‌షాట్ పాడైందంటారా? హైదరాబాద్ రీజియన్‌లో కూడా ఒక కాపీ ఉంచాలి.

జవాబు 1:
పాడవలేదండీ. పాత డిస్క్, కొత్త డిస్క్ రెండిటికీ ఒకే యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఉంది, అందుకే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోవట్లేదు. డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు) చూడండి, ‘డూప్లికేట్ యూయూఐడీ’ అని కనిపిస్తుంది. ‘నోయూయూఐడీ’ ఆప్షన్‌తో మౌంట్ చేస్తే సరిపోతుంది. రెండూ ఎప్పటికీ పక్కపక్కనే ఉండాలంటే అలా ఒకసారి మౌంట్ చేసి, అన్‌మౌంట్ చేశాక ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ కమాండ్‌తో కొత్త యూయూఐడీ ఇవ్వండి. ఫైల్ సిస్టమ్ లాగ్‌లో పూర్తికాని మార్పులు మిగిలి ఉంటే ఆ కమాండ్ నడవదు, అందుకే ముందు మౌంట్.

నిదానానికి కారణం వేరు. వాల్యూమ్ ‘అవైలబుల్’ అని చూపించినా డేటా ఇంకా ఎస్3లోనే (స్నాప్‌షాట్లు దాచే ఏడబ్ల్యూఎస్ స్టోరేజీ) ఉంటుంది. ప్రతి బ్లాకూ మొదటిసారి చదివినప్పుడే అక్కణ్ణుంచి దిగుతుంది. మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ చేయకముందే ఫియో అనే డిస్క్ టూల్‌తో డిస్క్ మొత్తం ఒకసారి చదివించండి. డీడీ కమాండ్ కూడా పనిచేస్తుంది, కానీ ఒకే వరుసలో చదువుతుంది కాబట్టి ఆలస్యం. జీపీ3 మామూలు వేగం సెకనుకు 125 ఎంబీ, అంటే 500 జీబీకి ఎంత లేదన్నా గంట పైనే. అంత ఆగలేకపోతే వాల్యూమ్ చేసేటప్పుడే ఇనిషియలైజేషన్ రేటు (ఎస్3 నుంచి డేటా దిగే వేగం) కొనుక్కోవచ్చు. సెకనుకు 300 ఎంబీ పెడితే దాదాపు అరగంట.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ నాకు అంతకన్నా భయం కలిగించేది ‘విడివిడిగా’ అన్న మాట. బిన్‌లాగ్ (మైఎస్‌క్యూఎల్ మార్పుల చిట్టా) రూట్ డిస్క్‌లో, డేటా రెండో డిస్క్‌లో ఉంటే రెండు స్నాప్‌షాట్ల మధ్య తేడా వచ్చి అవి ఒకదానికొకటి పొసగవు. స్నాప్‌షాట్లు తీసే లైఫ్‌సైకిల్ పాలసీలో టార్గెట్‌ని వాల్యూమ్ కాకుండా ఇన్‌స్టెన్స్ (మొత్తం సర్వర్) అని పెట్టండి, అన్ని డిస్కులకూ ఒకే క్షణంలో పడుతుంది. అప్పటికీ అది కరెంటు పోయినప్పటి స్థితే. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లు ఇన్నోడీబీ రకమైతే లేచాక తనే సర్దుకుంటుంది, మైఐశామ్ రకం టేబుళ్లుంటే మాత్రం ముందు లాక్ వేయాల్సిందే. స్నాప్‌షాట్ ‘పెండింగ్’లోకి వెళ్లగానే లాక్ తీసేయొచ్చు, పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.

జవాబు 3:
హైదరాబాద్ రీజియన్ దానంతటది ఆన్‌లో ఉండదు, ముందు అకౌంట్‌లో ఎనేబుల్ చేయాలి. స్నాప్‌షాట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అక్కడి కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ కీలు దాచే సర్వీసు) కీ ఒకటి ఎంచుకోవాలి. ముంబై కీ అక్కడ పనికిరాదు. మొదటి కాపీ మొత్తం వెళ్తుంది, తర్వాతవి మారిన బ్లాకులే. మధ్యలో కీ మార్చితే మళ్లీ మొత్తం వెళ్తుంది, బిల్లు చూసుకోండి. సబ్‌నెట్, సెక్యూరిటీ గ్రూప్, ఎలాస్టిక్ ఐపీ ఏవీ స్నాప్‌షాట్‌తో రావు, అక్కడ ముందే సిద్ధంగా ఉంచండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా) డేటా డిస్క్ లైనుకి ‘నోఫెయిల్’ చేర్చండి. లేదంటే ఆ డిస్క్ తగిలించకుండా లేపిన సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ కూడా దొరకదు.